సూరత్ టెంపో: చరిత్రకెక్కని సరుకు బండి

మీరు ఈమధ్య కొన్న చీర పాలియెస్టర్‌దైతే, అది సూరత్‌లో తయారై ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ చీర మీ ఊరికి బయలుదేరే ముందే సూరత్ నగరంలో మూడు నాలుగుసార్లు బండెక్కి దిగి ఉంటుంది. మరమగ్గం మీద నేసిన, ఇంకా రంగు వేయని బట్టను అక్కడ గ్రే అంటారు. దాని తాన్లను తాకాలంటారు. ఈ తాకాలు లింబాయత్, ఉధనా వంటి చోట్ల ఉన్న మగ్గాల షెడ్ల నుంచి వ్యాపారి గోదాముకు వెళ్లాలి. అక్కడి నుంచి పాండేసరా వంటి పారిశ్రామిక వాడల్లోని అద్దకం మిల్లులకు, అద్దకం పూర్తయ్యాక రింగ్ రోడ్డు మీది బట్టల మార్కెట్లకు, చివరకు పార్సిళ్లుగా లారీ ఆఫీసుకు చేరాలి. లారీ దూరని సందులు కొన్ని, తోపుడు బండికి అందని దూరాలు కొన్ని. ఈ రెంటికీ మధ్యనున్న పనిని మోసిన చిన్న బండికి అక్కడ ఉన్న పేరు టెంపో. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల మీద పనికి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలకు కూడా అది నిత్యం వినపడే మాటే.

పాత కార్ల ప్రదర్శనలు మీరు చూసే ఉంటారు. మహారాజుల రోల్స్ రాయిస్‌లు, పెద్ద వ్యాపారుల బెంట్లీలు అక్కడ మెరుస్తుంటాయి. సూరత్‌కు సుమారు 260 కిలోమీటర్ల దూరంలో, అహ్మదాబాద్ దగ్గర కఠ్వాడాలో, ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన అటువంటి వాహనాలు వందకు పైగా ఉన్నాయి. మరి ఒక నగరపు పరిశ్రమను దశాబ్దాల పాటు మోసిన సరుకు బండికి అలాంటి గౌరవం ఎందుకు దక్కడం లేదు? దానికి కారణం మన అభిరుచిలో కొంత, చట్టంలో కొంత, ఆ బండి బతికిన తీరులో కొంత ఉంది.

పేరు హాంబర్గ్‌ది

వనస్పతికి డాల్డా అన్నట్టే, టెంపో కూడా మొదట ఒక వ్యాపార నామం. జర్మనీలోని హాంబర్గ్‌లో విడాల్ అండ్ జోన్ అనే సంస్థ 1920లలో ఈ పేరుతో చిన్న సరుకు బండ్లు చేయడం మొదలుపెట్టింది. ఎక్కువ వాటికి మూడు చక్రాలే. 1928 నాటి జర్మన్ చట్టం చిన్న ఇంజనుతో, నాలుగు కంటే తక్కువ చక్రాలతో నడిచే బండ్లకు డ్రైవింగ్ లైసెన్సు నుంచి, పన్ను నుంచి మినహాయింపు ఇచ్చింది. రొట్టెలవాడు, కూరగాయలవాడు, బొగ్గు వ్యాపారి తొలిసారి మోటారు బండి కొనగలిగారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1949లో ఈ సంస్థ హాన్సియాట్ అనే మూడు చక్రాల బండిని, మెటాడోర్ అనే నాలుగు చక్రాల వ్యాన్‌ను విడుదల చేసింది. హాన్సియాట్ అంటే హాంబర్గ్ వంటి పాత వర్తక నగరాల పౌరుడని అర్థం. జర్మనీలో హాన్సియాట్ తయారీ 1956లో ఆగిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1958లో, విడాల్ సంస్థ సాంకేతిక సహకారంతో మన దేశంలో బజాజ్ టెంపో కంపెనీ ఏర్పడింది. మొదట బొంబాయిలోని గోరేగావ్‌లో, తర్వాత పుణె దగ్గర ఆకుర్డీలో ఈ బండ్లు తయారయ్యాయి. జర్మనీలో పాతబడిన బండికి ఇక్కడ రెండో జీవితం మొదలైందన్నమాట. 1960ల చివర్లో మెటాడోర్ కూడా వచ్చింది. 2005లో కంపెనీ తన పేరును ఫోర్స్ మోటార్స్‌గా మార్చుకుంది గానీ, టెంపో అనే మాట మాత్రం జనం నోట అలాగే నిలిచింది.

ఇంజను ముందుంటే నేల దిగుతుంది

సరుకు బండిలో అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఏది? ఇంజను బలం అని మీరనవచ్చు. హమాలీని అడిగితే వేరే జవాబు వస్తుంది: సరుకు పెట్టే నేల రోడ్డు నుంచి ఎంత ఎత్తులో ఉంది? రోజుకు వందసార్లు మూట ఎత్తేవాడికి అర అడుగు తేడా చాలా పెద్దది.

మామూలు లారీలో ఇంజను ముందుంటుంది, అది తిప్పేది వెనుక చక్రాలను. ఆ రెంటినీ కలిపే ఇనుప షాఫ్టు బండి పొడవునా కిందుగా పోతుంది. వెనుక ఇరుసు మధ్యలో పళ్లచక్రాల పెట్టె ఉబ్బెత్తుగా ఉంటుంది. వాటికి చోటివ్వడానికి నేలను పైకి లేపక తప్పదు. టెంపోలో ఇంజను ముందే ఉంది, తిప్పేదీ ముందు చక్రాన్నే. హాన్సియాట్‌లో గొలుసు ద్వారా ఒకే ఒక ముందు చక్రాన్ని, మెటాడోర్‌లో రెండు ముందు చక్రాలను ఇంజను నడిపేది. వెనుక భాగంలో తిరిగే యంత్రమేదీ లేదు కనుక నేల చదునుగా, కిందికి ఉండేది. ఫ్రాన్సులో 1947 నుంచి 1981 దాకా తయారైన సిట్రోయెన్ హెచ్ వ్యాన్‌దీ ఇదే సూత్రం.

చదునైన, అడ్డంకిలేని నేల ఒక ఖాళీ గది లాంటిది. అందులో సీట్లు బిగిస్తే ప్రయాణికుల బండి, స్ట్రెచర్ పెడితే అంబులెన్సు, అరలు కడితే సంచార గ్రంథాలయం అవుతుంది. సరుకు వ్యాన్లు ఇన్ని రూపాలెత్తడానికి మూలం ఈ నిర్మాణంలోనే ఉంది.

మూడు చక్రాల లెక్క

ఈ సౌకర్యానికి చెల్లించిన మూల్యమూ ఉంది. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2 మీటర్లున్న ఒక మూడు చక్రాల బండిని ఊహించండి. వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు ముందుగా 600 కిలోల బరువు పెడితే, మీటల సూత్రం ప్రకారం ముందు చక్రం మీద పడేది అందులో ఐదో వంతు, అంటే 120 కిలోలే. మిగిలినదంతా వెనుక చక్రాల మీదే. బండిని లాగేది మాత్రం ముందు చక్రం! ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జరిగి, ముందు చక్రం పట్టు తగ్గిపోతుంది. సూరత్ తాపీ నది ఒడ్డున ఉన్న చదును నేల కాబట్టి అక్కడ ఈ లోపం పెద్దగా బాధించే అవకాశం తక్కువ.

రెండోది బోల్తా పడే ప్రమాదం. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను కలిపితే త్రిభుజం వస్తుంది. బండి నిలకడగా ఉండాలంటే గరిమనాభి నుంచి పనిచేసే బలాల రేఖ ఆ త్రిభుజం లోపల నేలను తాకాలి. వెనుక వెడల్పు 1.4 మీటర్లనుకుంటే, ఇరుసుల నడిమధ్యకు వచ్చేసరికి త్రిభుజం వెడల్పు 0.7 మీటర్లే. మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు, పక్కకు ఒకేసారి జరుగుతుంది. బట్టల పార్సిళ్లను ఎత్తుగా పేరిస్తే గరిమనాభి పైకి పోయి ప్రమాదం మరింత పెరుగుతుంది. డ్రైవరు వేగం తగ్గించి తిరగడం తప్ప దీనికి మందు లేదు.

ఒక బండి, పలు వేషాలు

ఉత్తరాది పట్టణాల్లో హాన్సియాట్ వెనుక బల్లలు బిగించి ప్రయాణికులను ఎక్కించారు. దేశమంతటా మెటాడోర్లు అంబులెన్సులుగా, స్కూలు బండ్లుగా, పెళ్లివారి బండ్లుగా మారాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ 20 వ్యాన్‌దీ ఇటువంటి కథే. 1984లో వచ్చి 2019 దాకా తయారైన మారుతి వ్యాన్, అంటే తర్వాతి ఓమ్ని, ఈ సంప్రదాయాన్నే కొనసాగించింది. ఈ మార్పులు చేసింది ఎక్కువగా పెద్ద కర్మాగారాలు కావు. ఊరి బాడీ బిల్డింగ్ షెడ్లలోని వడ్రంగులు, రేకు పనివారు, వెల్డర్లు.

ఇలా మారిన వ్యాన్లలో తెలుగువారందరికీ తెలిసిన బండి ఒకటుంది. 1982లో ఎన్.టి. రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం 1940ల నాటి పాత షెవ్రొలే వ్యాన్. దాని పైకప్పు మీద నిలబడి ప్రసంగించడానికి వీలుగా మార్పులు చేశారు. ఆయన కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. రాజకీయాలను పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ మార్పులన్నీ ఊడదీసి, కర్మాగారం నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేస్తే ఏం మిగులుతుంది? ఒక పాత షెవ్రొలే మిగులుతుంది. దాని చరిత్ర పోతుంది.

అసలు రూపం ఏది?

పాత వాహనాల ప్రేమికులు చాలాకాలం అసలు రూపాన్నే కొలమానంగా పెట్టుకున్నారు. కర్మాగారం వేసిన రంగు, అప్పటి సీటు గుడ్డ, అప్పటి అద్దం ఉండాలి. మహారాజు గారేజీలో ముసుగు కప్పుకుని ఉన్న కారుకు ఇది సాధ్యం. రోజూ సరుకు మోసిన బండికి సాధ్యం కాదు. అది మారుతూనే బతికింది. మారనివి ఎప్పుడో తుక్కులో కలిశాయి.

ప్రపంచంలో ఈ ఆలోచన కొంత మారింది. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, ట్యూరిన్ పత్రం పేరుతో సంరక్షణ సూత్రాలను రూపొందించింది. వాహనం పనిచేసిన కాలంలో దానికి జరిగిన మార్పులు కూడా దాని చరిత్రకు సాక్ష్యాలేనని, ప్రతి బండినీ తయారైన నాటి రూపానికి తీసుకుపోనక్కర్లేదని దాని సారాంశం. జర్మనీలో 1951 నుంచి వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వాగన్ వ్యాన్లలో మంచాలు, బీరువాలు అమర్చి ఇచ్చింది. ఈనాడు ఆ అమరికతో సహా దొరికిన వ్యాన్‌కే అభిమానుల్లో గిరాకీ.

అయితే ప్రతి మార్పూ ఒకటి కాదు. పనిలో ఉన్నప్పుడు పని కోసం చేసిన మార్పు వేరు, నిన్న మొన్న కాఫీ కొట్టు పెట్టడానికి పాత వ్యాన్ పక్కను కోసేయడం వేరు. మొదటిది చరిత్ర. రెండోది చాలాసార్లు చరిత్రను చెరిపేస్తుంది.

మన నిబంధనలో రెండు అడ్డుగోడలు

మన దేశంలో వింటేజ్ వాహనాల నమోదుకు 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన వాటికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఇది మెచ్చుకోదగిన పని. కానీ నిర్వచనాన్ని జాగ్రత్తగా చదవండి. సొంతానికి వాడే రెండు చక్రాల, నాలుగు చక్రాల వాహనాలకే ఇది వర్తిస్తుంది. పైగా ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. అంటే మూడు చక్రాల హాన్సియాట్ గడప దగ్గరే ఆగిపోతుంది. 1970ల నాటి మెటాడోర్లు ఇప్పుడిప్పుడే 50 ఏళ్లు దాటుతున్నా, అంబులెన్సుగానో స్కూలు బండిగానో మారినది రెండో గడప దాటలేదు.

అదే ఏడాది ఆగస్టు 13న గుజరాత్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులో వాహన తుక్కు విధానాన్ని ప్రధాని ప్రారంభించారు. పొగ కక్కే పాత బండ్లు రోడ్ల మీద నుంచి పోవలసిందే, అందులో రెండో మాట లేదు. సూరత్‌లో ఆ పని 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచే సాగుతోంది. 2006 ఆగస్టు తాపీ వరద నగరంలో చాలా భాగాన్ని ముంచింది. నీట మునిగిన పాత రేకును తుప్పు ఎక్కువకాలం బతకనివ్వదు. రోడ్డు మీద తిప్పడానికి కాకపోయినా, ప్రదర్శనకు ఉంచడానికైనా ఇలాంటి కొన్ని బండ్లను గుర్తించే మూడో వర్గం ఒకటి నిబంధనల్లో ఉండటం అవసరం. ఫీవా 30 ఏళ్ల వయసును ప్రమాణంగా తీసుకుంటుంది, చక్రాల సంఖ్య మీద పట్టింపు పెట్టలేదు.

మీరు చేయగల పని

మీ ఊరి మెకానిక్ షెడ్డు వెనుకనో, ఆసుపత్రి ఆవరణలోనో పాత మెటాడోర్ గాని, స్టాండర్డ్ వ్యాన్ గాని పడి ఉంటే, తుక్కువాడు రాకముందే కొన్ని వివరాలు రాసి పెట్టండి. ఛాసిస్ మీది పలక, బాడీ కట్టిన షెడ్డు పేరున్న చిన్న రేకు, పాత రంగు కింద కనిపించే ఇంకా పాత అక్షరాలు, వీటిని ఫోటో తీయండి. నడిపినవారిని, రేకు కొట్టినవారిని కలిసి ఏ సంవత్సరంలో ఏ మార్పు ఎందుకు చేశారో అడగండి. సూరత్‌లో మీ బంధువులుంటే, పాత టెంపోలను బాగుచేసిన మిస్త్రీల గురించి వారి ద్వారా తెలుసుకోండి. కర్మాగారం చేసిన కారుకు కర్మాగారం కాగితాలుంటాయి. ఊరి షెడ్డులో రూపు మారిన బండికి ఆ మనుషుల జ్ఞాపకమే కాగితం. వారిలో చాలామంది ఇప్పటికే డెబ్బై దాటి ఉంటారు.