బెజవాడ జెండా బోయిగూడకు

సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొస్తే బోయిగూడ. ఇక్కడి నుంచి బెజవాడకు రైలు దారి 1889లోనే పడింది. బెజవాడలో 1921లో రూపు కట్టిన జెండా మాత్రం ఈ పేటలో అడ్డు లేకుండా ఎగరడానికి మరో 27 ఏళ్లు పట్టింది.

బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. దేశానికో జెండా ఉండాలన్న ఆరాటంతో 1916లోనే సుమారు 30 నమూనాలతో ఆయన పుస్తకం అచ్చువేశారు. బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో, ఎరుపు ఆకుపచ్చల మీద రాట్నం ఉన్న జెండా గీసివ్వమని గాంధీజీ అడిగారు. రాట్నం ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. వెంకయ్య మూడు గంటల్లో తెచ్చిచ్చారు. అయినా సభ ముందుకు రావడానికి కాస్త ఆలస్యమైంది. అదీ మేలే అయింది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు కాబట్టి, తక్కిన మతాలవారికీ చోటుండాలని గాంధీజీ తెలుపును చేర్చారు. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు. మూడు గంటల కథే అందరూ చెబుతారు, వాటి వెనకున్న అయిదేళ్ల శ్రమ తలుచుకునేవారు తక్కువ.

రంగులకు మతాలను ముడిపెట్టడం మీద తగాదాలు పెరిగాయి. 1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనరుగా వేసిన సంఘం మొత్తం కాషాయ జెండానే సూచించింది. కాంగ్రెస్ దాన్ని పక్కనపెట్టి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరసనే ఖాయం చేసింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని నిలిపింది. రాట్నం రెండోవైపు తిరగబడి కనిపిస్తుంది, చక్రం ఎటు చూసినా ఒకటే.

అప్పటికి సికింద్రాబాద్‌లో చాలా భాగం 1945లోనే కంటోన్మెంటు నుంచి నిజాం పాలనకు తిరిగి చేరింది. నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానానిది పసుపు రంగు ఆసఫియా జెండా. 1947 ఆగస్టు 15న మువ్వన్నెల జెండా ఎగరేయమని పిలుపునిచ్చిన స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానందతీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. 1948 సెప్టెంబర్ 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్, భారత సైన్యపు మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయాకే జెండాకు అడ్డు తొలగింది.

ఈ పేటలో ఇప్పుడు ఏటా ఆగస్టు 15 పొద్దున మడత పెట్టిన జెండాలో బంతిపూల రేకులుంచి, ముడి వేసి స్తంభానికి కడతారు. తాడు లాగగానే రేకులు రాలి గుడ్డ విచ్చుకుంటుంది. 1921 నాటి వరసలోని ఏ రంగూ ఇప్పుడు తన పాత చోట లేదు.