పక్కవేయుట: ఒక పదవిచారము

ఖమ్మమునుండి భద్రాద్రికిఁ బోవు మార్గములలో నొకదానఁ దల్లాడ యున్నది. అట్టి యూళ్లలో శ్రీరామనవమి యాత్రికునకైనను, వేళగాని వేళ వచ్చిన చుట్టమునకైనను ఇంటివారు చాపయో, బొంతయో పఱచి యిచ్చుట 'పక్కవేయుట' యనఁబడును.

శయ్యాశబ్దము పాణినీయమున 3.3.99వ సూత్రముచే శీఙ్ ధాతువునకు క్యప్ ప్రత్యయము చేరి సిద్ధించును. దాని తద్భవము సెజ్జ. తెలుఁగు 'పడక' పడు ధాతువునుండి పుట్టినది. ఈ పదములందుఁ బరుండువాఁడే కనఁబడును. పఱచు ధాతుభవమగు 'పఱపు'నందును, 'పక్కవేయు' నందును బఱచువారు, అనఁగా నింటివారు, కనఁబడుదురు.

కావున నతిథికై యప్పటికప్పుడు పఱచినది పఱపునకుఁ బ్రతినిధి గాదు. పఱపు యొక్క మూలార్థ మదియే. నేఁడు పరుపనఁగా దూది నింపిన వస్తువే తోఁచును. అందలి క్రియ మఱుఁగుపడినది. పక్కవేయుటయందు మాత్ర మది నిలిచియున్నది.