డర్బన్ గుడారాలు, కర్నూలు టులెట్ బోర్డులు

గుడారాలంటే కర్నూలోళ్లకు 1953 గుర్తొస్తుంది. ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. అంతకు ఏడేళ్ల ముందే సముద్రం అవతల, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, భారతీయులు వేసిన గుడారాలు వేరు. 1946 జూన్ 13న వేసిన ఆ గుడారాల గొడవ, ఎవరు ఎక్కడ ఉండాలన్నదే.

ఎవరి వీధి ఎవరిదన్న లెక్క మనకు కొత్తేం కాదు. అగ్రహారం, పేట, మాలపల్లె, మాదిగపల్లె అని నాలుగు మాటల్లో శతాబ్దాలు దాటేయొచ్చు. అగ్రహారమిచ్చిన రాజు పేరు శాసనంలో దొరుకుతుంది. ఊరి బయట ఉన్నవాళ్ల పేర్లు ఎవరు చెక్కించారు?

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి కూలీలతో, డర్బన్ ఉన్న నేటాల్ చేరింది. 1911 దాకా వెళ్లిన లక్షన్నర మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకు తోటల్లో గడువు తీరాక కూరగాయలు పండించారు, నాలుగు డబ్బులు కూడబెట్టి ఇళ్లు కొనబోయారు. తెల్లవాళ్లకు అదే కంటగింపైంది. 1946లో వచ్చిన చట్టం తెల్లవాళ్ల నుంచి భారతీయులు ఆస్తి కొనకుండా కట్టడి చేసింది. జనం దానికి పెట్టిన పేరు ‘ఘెట్టో చట్టం’.

దానికి నిరసనగా జూన్ 13న వేల మంది సభ జరిపి, ఊరేగింపుగా గేల్ స్ట్రీట్, అంబిలో రోడ్డు కలిసే మూలకు వెళ్లారు. అక్కడి మునిసిపాలిటీ ఖాళీ స్థలంలో ఉద్యమ నాయకుడు డాక్టర్ మాంటీ నైకర్ జట్టు గుడారాలు వేసింది. రాత్రిళ్లు తెల్ల కుర్రాళ్లు వచ్చి కూల్చేవాళ్లు, వీళ్లు మళ్లీ నిలబెట్టేవాళ్లు. నాకు బాగా నచ్చే మనిషి డాక్టర్ గూనమ్. ఇంటిపేరు నాయుడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివొచ్చిన ఆవిడ ప్రాక్టీసు పక్కనపెట్టి జైలుకెళ్లింది. తరవాత ఆత్మకథకు ‘కూలీ డాక్టర్’ అని పేరు పెట్టుకుంది. ఎంత పొగరు, ఎంత అందం! 1948కల్లా రెండు వేల మంది దాకా జైలు చూశారు.

1946 డిసెంబరులో భారత్ తరఫున విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితిలో ఈ గొడవ లేవనెత్తి 32–15 ఓట్లతో నెగ్గారు. ఇక్కడ మనం చప్పట్లు కొట్టాం, మాలపల్లె మాత్రం ఊరి బయటే ఉంది. అక్కడా గెలుపు నిలవలేదు. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్ కేటో మేనర్‌లోని భారతీయ కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరిమింది. ఆ చట్టం పోయేసరికి 1991 అయింది.

అమెరికా 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ల అమ్మకంలో వివక్షను నిషేధించింది. ఇక మన కథ చిక్కుముడి. 1960లోనే దళితుడైన పెద్దపాడు సంజీవయ్యను ముఖ్యమంత్రిగా చూసిన కర్నూలు జిల్లాలో, టులెట్ బోర్డు చూసి వెళితే ముందు ఇంటిపేరడుగుతారు, తరవాత ‘మనోళ్లేనా?’ అంటారు. కడపలో ఇదే ప్రశ్న మతం వైపు తిరుగుతుంది. 2005లో పార్సీలకే ఇళ్లన్న అహ్మదాబాద్ సొసైటీ నిబంధనను సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు.

అయినా 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 ఉంది. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఇల్లు కొననివ్వకపోయినా, కాపురముండనివ్వకపోయినా నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. మతం పేరుతో, మాంసం తింటారన్న పేరుతో ఇల్లు కాదంటే ఆ సెక్షన్ వర్తించదు. బోర్డు తగిలించే ఇంటి యజమానులు ముందు ఆ సెక్షన్ చదవండి. శాసనసభలో కూర్చున్నవాళ్లు అందులో లేనిది చేర్చండి.