అమెరికా కౌంటీల్లో వ్యవసాయ సబ్సిడీ

అమెరికాలో పంట సబ్సిడీకి నిధులు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వమే అయినా, ఏ రైతుకు ఎంత అన్నది తేలేది చాలావరకు కౌంటీలోనే. రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగం కౌంటీ. కేంద్ర వ్యవసాయ శాఖ కింద 1994లో ఏర్పడిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి 2,000కు పైగా స్థానిక కార్యాలయాలున్నాయి. భూమి పటాలు, సాగు వివరాలు, దరఖాస్తులు అన్నీ అక్కడే. రైతులు తమలోంచి ఎన్నుకున్న కౌంటీ కమిటీ వాటి పనిని పర్యవేక్షిస్తుంది. సభ్యులు 3 నుంచి 11 మంది, పదవీకాలం మూడేళ్లు.

ఈ ఏర్పాటుకు మూలం 1933 నాటి వ్యవసాయ సర్దుబాటు చట్టం. ధరలు నిలబెట్టేందుకు సాగు తగ్గించిన వారికి డబ్బిచ్చారు. ఎదిగిన పత్తి చేలనే దున్నేయించారు. దక్షిణాదిలో ఆ సొమ్ము ఎక్కువగా భూస్వాముల చేతికి పోయింది, పాలుకు చేసుకునేవాళ్లు ఎందరో భూమి వదలాల్సి వచ్చింది. చట్టాన్ని 1936లో సుప్రీంకోర్టు కొట్టేసినా పద్ధతి పోలేదు, స్థానిక పెత్తనమూ పోలేదు. రుణాల్లో, సబ్సిడీల్లో వ్యవసాయ శాఖ వివక్ష చూపిందంటూ నల్లజాతి రైతులు వేసిన పిగ్‌ఫర్డ్ దావా 1999లో గానీ రాజీకి రాలేదు.

2014 వ్యవసాయ చట్టం నేరుగా ఇచ్చే స్థిర చెల్లింపులను రద్దు చేసి రెండు పథకాలు తెచ్చింది. ఒకటి పంట ధర చట్టం నిర్ణయించిన రేటు కన్నా పడిపోతే ఇచ్చేది. రెండోది కౌంటీ ఆదాయ హామీ, లెక్కలో చిక్కంతా దీనిదే. ఐదేళ్ల దిగుబడుల్లో గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ తీసేసి మిగిలిన మూడింటికి సగటు కడతారు. ధరలకూ అంతే. రెండింటినీ గుణిస్తే వచ్చేది ఎకరాకు ప్రామాణిక ఆదాయం. ఆ ఏడు కౌంటీ ఆదాయం అందులో 86 శాతం కన్నా తగ్గితే ఆ తేడా చెల్లించేవారు, అదీ ప్రామాణిక ఆదాయంలో 10 శాతం మించకుండా. 2025 చట్టం ఈ అంకెలను 90, 12 చేసింది. చెల్లింపు లెక్కకు వచ్చేది 85 శాతం ఎకరాలే.

ఆ ఎకరాలు కూడా ఇప్పుడు సాగులో ఉన్నవి కావు, పూర్వపు సాగును బట్టి కాగితం మీద నమోదైనవి. గోధుమ పేరుతో నమోదైన నేలలో రైతు ఈ ఏడు మొక్కజొన్న వేసినా సబ్సిడీ గోధుమ లెక్కనే. దిగుబడి కూడా కౌంటీ మొత్తానిదే. వడగళ్లకు ఒక్కడి చేను పోతే ఈ పథకం పైసా ఇవ్వదు, దానికి పంట బీమా వేరే ఉంది. కౌంటీ అంతా దెబ్బతిన్న ఏడు బాగా పండించుకున్న రైతుకూ డబ్బొస్తుంది. కౌంటీ సరిహద్దు రోడ్డుకు అటు చెల్లింపు ఒకలా, ఇటు ఒకలా ఉండటం మామూలే. పైగా కోత అయిన ఏడాదికి, మరుసటి అక్టోబరులో గానీ సొమ్ము చేతికి రాదు. అప్పటికి పెట్టుబడి అప్పు ఎప్పుడో తీర్చాల్సి ఉంటుంది.

కౌలు విషయంలో మాత్రం నియమం స్పష్టం: పంట నష్టాన్ని మోసేవాడిదే సబ్సిడీ. నగదు కౌలైతే మొత్తం కౌలుదారుకే, పాలుకైతే ఇద్దరూ పంచుకుంటారు. దీనికి భిన్నంగా, 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారుకే ఇచ్చి కౌలు రైతును వదిలేసింది. అయితే సబ్సిడీ వస్తుందని తెలిసిన అమెరికా భూయజమాని కౌలు పెంచుకోవడాన్ని ఏ నియమమూ ఆపలేదు.

సాగు మానిపించే పథకమూ ఒకటుంది. నేల కోతను ఆపేందుకు 1985లో తెచ్చిన ఈ పథకం కింద 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందంతో పొలంలో గడ్డి, చెట్లు పెంచితే ఏటా అద్దె ఇస్తారు. సాగు ఆగితే విత్తనాల దుకాణానికి, ఎరువుల వ్యాపారికి, ధాన్యం గిడ్డంగికి బేరం పోతుంది. అందుకే ఏ కౌంటీలోనైనా సాగుభూమిలో 25 శాతానికి మించి ఇందులో చేర్చకూడదని సాధారణ పరిమితి పెట్టారు.