రిజిస్టరులోకెక్కిన వైద్యం

వకీళ్లు, ఉపాధ్యాయులు, చేనేతవారు సంఘములుగా ఏర్పడిన కథలు మనం తరచు చదువుతుంటాము. ఆయుర్వేద వైద్యులు సంఘముగా కూడిన కథ అంతగా వినరాదు. వినరాకపోవుటకు కారణమున్నది. ఆ వృత్తి స్వభావమే సంఘమునకు విరుద్ధము. వైద్యుని ఆస్తి అతని తాటాకు కట్ట, హస్తవాసి అన్న పేరు. యోగము ఇంటిగుట్టు. తండ్రి కొడుకునకు చెప్పును, ఒక్కొక్కప్పుడు కొడుకునకు సైతము చెప్పకయే పోవును. అట్టివారు నలుగురు ఒక్క చాపమీద కూర్చుని "మన శాస్త్రము" అనుటకు ముందు "నా మందు" అను మాటను కొంత వదులుకొనవలసి యున్నది.

మా అనంతపురం సీమలో దీనికి మరొక చిక్కు. ఇక్కడ పల్లె వైద్యునికి రొక్కము తక్కువ, పంట ఇంటికి వచ్చిన తరువాత కొలిచే గింజలే ఎక్కువ. వానలు ముఖము చాటేసిన ఏడు రోగి గింజ కొలువలేడు, వైద్యుడు అడుగలేడు. అటువంటివాడు సంఘపు చందా కట్టి, గుంతకల్లులో రైలెక్కి, చెన్నపట్నం సభకు పోవుట ఎట్లు? కనుక సంఘములు పట్టణములలో, పట్టణ వైద్యులతో పుట్టినవి. ఈ సంగతి మనసులో ఉంచుకొని తక్కిన కథ చదువవలెను.

1907లో నాసికలో శంకర దాజీ శాస్త్రి పదే అను మహారాష్ట్ర వైద్యుని పూనికతో అఖిల భారత ఆయుర్వేద మహాసమ్మేళనమునకు బీజము పడినది. దక్షిణాన ఆ పనికి ఊపిరి పోసినవారిలో మన తెలుగువారు పండిత దీవి గోపాలాచార్యులవారు (1872–1920) ముఖ్యులు. బందరులో పుట్టి, మైసూరులో చదివి, బెంగుళూరులో ప్లేగు చెలరేగిన దినములలో వైద్యము చేసి పేరుపడి, చెన్నపట్నంలో స్థిరపడినారు. ఆయుర్వేదాశ్రమము నెలకొల్పినారు, శిష్యులకు పాఠము చెప్పినారు. 1913లో ప్రభుత్వము వైద్యరత్న బిరుదమిచ్చినది.

బిరుదమిచ్చిన మరుసటి ఏడే, 1914లో, అదే ప్రభుత్వము మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము చేసినది. ఆ రిజిస్టరులో పాశ్చాత్య వైద్యము చదివినవారికే చోటు. వైద్యరత్నమునకు చోటు లేదు! ఒక చేత శాలువ కప్పి మరొక చేత తలుపు వేయుట అన్నమాట. వైద్యులను ఒక్కటి చేసినది పరస్పర ప్రేమ కంటె ఈ తలుపే అని నా అభిప్రాయము.

రెండవ దెబ్బ 1918లో. దేశీయ ఔషధములను పరిశీలించుటకు డాక్టరు ఎం. సి. కోమన్‌ను ప్రభుత్వము నియమించినది. ఆయన నివేదికలు ఆయుర్వేదమునకు అనుకూలముగా లేవు. ద్రావిడ వైద్య మండలి, మద్రాసు ఆయుర్వేద సభ కలిసి 1921లో ఖండనమును అచ్చువేయించినవి. శాస్త్రము తెలియక మందును మాత్రము విడదీసి పరీక్షించినచో తీర్పు సరిగా రాదన్నది వాదసారము. ఎవరి ఇంటి యోగము గొప్పది అన్న తగవు కాక, అందరి శాస్త్రము పక్షాన అచ్చులో ఒక్క గొంతుతో పలికిన సందర్భములలో ఇది ఎన్నదగినది. సంఘమన్న మాటకు అర్థము అక్కడ కనబడుతున్నది.

అదే 1921లో మహమ్మదు ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ ఏర్పడినది. కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తిగారు, మన హిందూపురానికి పొరుగున ఉన్న గౌరీబిదనూరువారు. ప్రశ్నావళి పంపి వైద్యుల సమాధానములు తెప్పించినారు. 1923లో నివేదిక వెలువడినది. దాని ఫలముగా 1924–25లో చెన్నపట్నంలో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరచినారు, శ్రీనివాసమూర్తిగారే ప్రధానాచార్యులు. ఆయన పాశ్చాత్య వైద్యము చదివినవారు. గోపాలాచార్యుల శిష్యులు, గురువు అనంతరము ఆయుర్వేద కళాశాల భారము వహించిన ఆచంట లక్ష్మీపతిగారూ (1880–1962) అటువంటి చదువు చదివినవారే. ఇందులో చిత్రమేమియు లేదు. ప్రభుత్వముతో ప్రభుత్వ భాషలో మాటాడగలవారు వారే కదా.

చదువు పెట్టిన పిదప ఇంట్లోనే తగవు మొదలైనది. శుద్ధ ఆయుర్వేదమా, పాశ్చాత్యముతో కలిపిన మిశ్రమమా? ఒకరు మందు కల్తీ అయినదన్నారు, మరొకరు శవచ్ఛేదము తెలియని శస్త్రవైద్యము ఏమిటన్నారు. 1925లో గాంధీజీ కలకత్తాలో అష్టాంగ ఆయుర్వేద కళాశాలకు శంకుస్థాపన చేస్తూ, వైద్యులలో పరిశోధన బుద్ధి కొరవడినదని మందలించినారు. శంకుస్థాపనకు పిలిచి తిట్లు తినుట వైద్యులకు రుచించలేదు. చెన్నపట్నపు పాఠశాల కాలక్రమమున కళాశాలయై, మిశ్రమ విద్య వైపు సాగి, 1960లో కీల్పాక్ వైద్య కళాశాలగా మారినది. ఇప్పుడక్కడ నేర్పునది ఎం.బి.బి.ఎస్. ఇన్ని సభలు, ఇన్ని అర్జీలు పెట్టి సాధించిన పాఠశాల చివరకు ఎవరికి దక్కినదో చూడండి.

రిజిస్టరు మాత్రము నిలిచినది. ఆంధ్ర రాష్ట్రమేర్పడిన తరువాత 1956లో ఆయుర్వేద, హోమియో వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. 1914లో మూసిన తలుపునకు బదులుగా వైద్యులు తమ తలుపు తాము పెట్టుకొన్నారు. తలుపన్న తరువాత దానికీ బయట ఉండువారు ఉందురు కదా. పసరు పిండేవాడు, ఎముక కట్టేవాడు, కాన్పు చేసే మంత్రసాని, తిప్పతీగ, నేలవేము తెలిసి సంస్కృతము తెలియనివాడు ఆ సభలలో ఎన్నడూ కూర్చున్నవారు కారు.

1970లో కేంద్రము భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టము చేసినది. దాని స్థానమున 2020లో మరొక చట్టము వచ్చినది. ఆ 1970 చట్టములో ఒక మినహాయింపుండినది. వైద్యుల రిజిస్టరు లేని రాష్ట్రములో అప్పటికి 5 సంవత్సరములు వైద్యము చేసియున్నవారు అక్కడ తమ వృత్తి కొనసాగించుకొనుటకు అది వీలిచ్చినది. వైద్యులు ముందుగా మేల్కొని, సంఘములు కట్టి, రిజిస్టరు సాధించుకొన్న మనవంటి రాష్ట్రమునకు ఆ వెసులుబాటు వర్తించలేదు. కదిరి పల్లెలోనో, మడకశిర పల్లెలోనో రిజిస్టరున పేరెక్కని పాత వైద్యుడు సంఘములు పుట్టని రాష్ట్రములో ఉండియుంటే చట్టము దృష్టిలో వైద్యుడుగా మిగిలియుండేవాడు.