ఆపద లేని ఆర్తనాదము

వేసవి సాయంకాలమున మబ్బు పట్టి మెరుపు మెరిసినంతనే మన యింటి రేడియోలో చిటపట ధ్వని వినవచ్చును. పాట చెడినదని మనము విసుగుకొందుము. ఆ చిటపటయే ఒకప్పుడు నడిసముద్రమున నిద్రించువారిని లేపి, ఎక్కడను లేని ఓడప్రమాదమును చాటుచుండెడిది. వినవచ్చిన పిలుపు నిజమా, కాదా అను సందేహము సముద్రపు రేడియోను తొలినాళ్ళనుండి వెంటాడుచునే యున్నది.

1906లో బెర్లిన్ నగరమున సమావేశమైన దేశములు ఎస్.ఓ.ఎస్.ను ఆపత్సంకేతముగా అంగీకరించెను. 1908 జూలై 1 నుండి అది అమలులోనికి వచ్చెను. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని పిలిచినపుడు, సమీపముననున్న కాలిఫోర్నియన్ ఓడలోని ఒకే ఒక్క రేడియో ఉద్యోగి నిద్రించుచుండెను. దూరమునుండి వచ్చిన కార్పేథియా 700 మందికి పైగా రక్షించెను; సుమారు 1,500 మంది మరణించిరి. మరునాడు మాత్రము ప్రయాణికులందరును క్షేమమను అబద్ధపు వార్త పత్రికల కెక్కెను. ఆ ఏడు ఆగస్టులో అమెరికా చేసిన రేడియో చట్టము, తెలిసి తెలిసి దొంగ ఆపత్సంకేతము పంపువారికి 5 ఏండ్ల వరకు కారాగారము విధింపవచ్చునని శాసించెను.

చట్టము మోసగానిని శిక్షింపగలదు. యంత్రము పొరబడినచో ఎవరిని శిక్షింతుము? ఉద్యోగి నిద్రించుచున్నను పిలుపు వినబడవలెనని స్వయముగా గంట మ్రోగించు యంత్రమును కల్పించిరి. నాలుగేసి సెకండ్ల గీతలు పన్నెండు, నడుమ ఒక్కొక్క సెకండు విరామము: ఇదియే దాని సంకేతము. ఆ గీతలలో మూడు నాలుగు సరిగా వినబడినంతనే గంట మ్రోగును. కాని ఉరుముల చిటపటలును, ఇతర ఓడల సంకేతములును కలిసి ఒక్కొక్కప్పుడు ఆ గీతల రూపమునే దాల్చెడివి. ఉద్యోగి ఉలికిపడి లేచి చెవులకు ఫోనులు తగిలించి వినగా, పిలిచినవా రెవ్వరును లేరు!

1999 ఫిబ్రవరి 1 నాటికి ప్రపంచమంతట నూతన పద్ధతి పూర్తిగా అమలులోనికి వచ్చినది. ఇపుడు ఒక్క మీట నొక్కిన చాలును, ఓడ సంఖ్యయు, ఉన్న చోటును క్షణములో వెళ్ళును. పిలుచుట సులభమైనకొలది పొరపాటును సులభమైనది. పరీక్షించుచు నొక్కినవారు కొందరు, తెలియక నొక్కినవారు కొందరు. ఉపగ్రహమునకు సంకేత మిచ్చు పెట్టె తన స్థానమునుండి ఊడిపడి నీట తడిసినను పిలుపు వెళ్ళును. ఈ పద్ధతిలో వచ్చు పిలుపులలో అధికభాగము పొరపాటున వచ్చునవే. రక్షకనౌక ఒక వట్టి పిలుపు వెంట పోయినపుడు, వేరొకచోట నిజముగా మునుగుచున్నవాడు ఎదురుచూచుచుండవచ్చును గదా!

అందుచేతనే ఆపదమీటకు మూత పెట్టిరి. కొన్ని సెకండ్లు నొక్కి పట్టిననే గాని అది పనిచేయదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1995లో చేసిన తీర్మానము మరింత ముఖ్యమైనది. పొరపాటున పిలిచినవాడు యంత్రమును ఆపివేసి ఊరకుండరాదు. వెంటనే 16వ ఛానలుపై అన్ని స్టేషన్లకును తన ఓడ పేరును, ఉన్న చోటును తెలిపి, పిలుపును రద్దు చేయుచున్నానని ప్రకటింపవలెను. ఉపగ్రహము ద్వారా పోయిన పిలుపైనచో సమీప రక్షణ కేంద్రమునకు తెలుపవలెను. ఇట్లు ఒప్పుకొన్నవానిపై సాధారణముగా చర్య ఉండదు. శిక్షకు జంకి మౌనము వహించినచో నష్టము పెరుగునని పెద్దలు గ్రహించిరి.

మన దేశమున ఈ ఉపగ్రహ సంకేతములు బెంగళూరు కేంద్రమునకు చేరును. పెట్టె సంఖ్యతోబాటు యజమాని టెలిఫోను నంబరు ముందుగా నమోదై యున్నచో, ఒక్క టెలిఫోను పలుకరింపుతోనే నిజానిజములు తేలవచ్చును. విశాఖనుండి బయలుదేరు ఓడకైనను, ఏ దూరతీరపు పడవకైనను ఈ జాగ్రత్త ఒక్కటే.

పదిమార్లు వట్టి గంటకు లేచిన ఆనాటి ఉద్యోగి పదునొకండవమారును లేచి వినవలసియే యుండెను. అతని ఓపికను వృథా చేయకుండుట సముద్రముపై పయనించు ప్రతివాని ధర్మము.