కరిగేదొక వేడికి, గట్టిపడేదొక వేడికి

ప్రాణమున్న కణాన్ని ఒకచోట కుదురుగా నిలపడానికి ప్రయోగశాలలు పడిన పాట్లలో పెద్ద భాగం ఉష్ణోగ్రతతోనే. 1880ల ఆరంభంలో రాబర్ట్ కాక్ బృందం బాక్టీరియాను జెలటిన్ మీద పెంచేది. ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు, జెలటిన్ నీరైపోయేది. కొన్ని బాక్టీరియాలు దాన్నే తినేసేవి. కాక్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సె అనే వైద్యుడు ఈ చిక్కుతో సతమతమవుతుంటే, వంటింట్లో జెల్లీలకు తాను వాడే అగార్‌ను భార్య ఫానీ సూచించింది. జావాలో ఉండివచ్చిన పొరుగువారి నుంచి ఆమె నేర్చిన కిటుకది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్‌గా దొరికే సముద్రపు నాచు సరుకే. 1882లో క్షయ మీద కాక్ రాసిన వ్యాసంలో అగార్ మాట ఉంది, హెస్సె దంపతుల ఊసు లేదు. శాస్త్రచరిత్రలో ఇలాంటి తీరని బాకీలు చాలానే ఉన్నాయి.

అగార్ ఏకపదార్థం కాదనీ, అందులో విద్యుదావేశం దాదాపు లేని అగరోస్, ఆవేశమున్న అగరోపెక్టిన్ ఉన్నాయనీ 1930లలో జపాన్ రసాయనవేత్త చోజీ అరాకి తేల్చాడు. 1961లో స్వీడన్‌లోని ఉప్సాలాలో స్టెలన్ యెర్టేన్ అగరోస్‌ను ఎలక్ట్రోఫోరెసిస్‌కు, అంటే విద్యుత్తుతో అణువులను వేరుచేసే పద్ధతికి, తెచ్చాడు. 1964లో గ్లాస్గోలో మాక్‌ఫర్సన్, మాంటానియే మెత్తని అగార్‌లో కణాలు కలిపి చూశారు: వైరస్ వల్ల కాన్సర్ దారి పట్టినవి అందులోనే గుంపులు కట్టాయి, మామూలువి ఆనుకునే అడుగు లేక ఆగిపోయాయి. అయితే అగార్ 40 డిగ్రీల దరిదాపుల్లోనే గట్టిపడుతుంది. కాస్త వేడెక్కువైతే కణాలు చస్తాయి, కాస్త ఆలస్యమైతే గడ్డలు కడుతుంది.

1970లలో అమెరికాలోని మరీన్ కొలాయిడ్స్ సంస్థలో కెన్నెత్ గైజ్లీ అగరోస్ గొలుసులకు హైడ్రాక్సీఇథైల్ గుంపులు తగిలించడంతో కథ మలుపు తిరిగింది. గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకోలేవు. జెల్ 65 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, 30 లోపు దిగితే గాని గట్టిపడదు. 37 డిగ్రీల నీళ్లలో ట్యూబు ఉంచి, తొందర లేకుండా కణాలు కలిపి, డిష్‌లో పోసి, కాసేపు చల్లార్చితే చాలు. మళ్లీ 37కు చేర్చినా కరగదు. బెన్యా, షాఫర్ 1982లో చదునైన డిష్‌లో గుణం కోల్పోయిన మృదులాస్థి కణాలను అగరోస్‌లో ఉంచితే, తమ సహజ కొల్లాజెన్‌ను తిరిగి చేశాయి. ష్వార్జ్, కాంటర్ 1984లో ఈస్ట్ క్రోమోజోములను వేరుచేసిన పద్ధతి ఈ జెల్‌కు మరో పెద్ద పని ఇచ్చింది: అగరోస్ ముక్కల్లోనే కణాలను ఛేదిస్తే పొడవాటి డీఎన్ఏ తెగదు. ఇక క్లోనింగ్ చేసేవారు జెల్ నుంచి బ్యాండు కోసి, 65 దగ్గర కరిగించి, డీఎన్ఏ పోగులు విడిపోకుండానే నేరుగా లైగేజ్‌కు, అంటే డీఎన్ఏ ముక్కలను అతికించే ఎంజైముకు, అప్పగించగలిగారు.

ఈ మార్చిన అగరోస్‌కు ఖరీదెక్కువ, బలం తక్కువ. ఎత్తబోతే చేతిలోనే చిరుగుతుంది. ఆ లోటు ఇంకా తీరలేదు. డబ్బా కొనేవారు మాత్రం కరిగే ఉష్ణోగ్రత ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. కణాలు బతికేది గట్టిపడే ఉష్ణోగ్రతను బట్టి.